మూలుగు డ్యూటీ

నెమ్మది నిలయం వెనక ఉన్న ల్యాంపు రూము దగ్గరికి చీకటి పడ్డాక ఎవరూ పోరు. కుక్కలు కూడా పోవు. పోవలసి వచ్చినా, ఏదో పని గుర్తొచ్చినట్టు గోడకు దూరంగా చకచకా దాటిపోతాయి.

గోదావరిఖని దాటి మట్టి గుట్టల వైపు పోతే మూతపడ్డ పాత బొగ్గుబాయి ఒకటి వస్తుంది. దాని దారి మొదట్లోనే ఈ రూము. ఒకప్పుడు బాయి దిగే ప్రతి మనిషీ ఇక్కడ ఆగి, తలకు పెట్టుకునే ల్యాంపు తీసుకునేవాడు. షిఫ్టు అయ్యాక పైకొచ్చి, దాన్ని మళ్లీ తన కొక్కేనికి తగిలించి ఇంటికి పోయేవాడు. ఏదైనా కొక్కెం ఖాళీగా ఉందంటే, ఒక మనిషి ఇంకా కిందే ఉన్నాడని లెక్క.

ఓదెలు కొక్కెం ఇప్పటికీ ఖాళీగానే ఉంది.

ఓదెలు కథ ఖని ఊళ్లో ఒక్కొక్కరు ఒక్కో రకంగా చెప్తారు. అందరూ ఒప్పుకునే ముక్క మాత్రం ఇది. ఓదెలు బాయిలో పంపు నడిపేవాడు. పంపు దగ్గర ఒక కట్టుబాటు ఉంది — రిలీవర్, అంటే తర్వాతి షిఫ్టు మనిషి, వచ్చి నిలబడేదాకా ముందటివాడు అక్కణ్ణుంచి కదలకూడదు. మొదటి షిఫ్టుకు దిగాడు ఓదెలు. ఆ రోజు రిలీవర్ నాగా పెట్టాడు. ఓదెలు కదల్లేదు. పైకప్పు కూలి నడుము మీద పడింది. చాలాసేపు మూలిగాడట... ఆ మూలుగు పైదాకా వినపడిందట... చివరికి ప్రాణం పోయిన మనిషిని పైకి తెచ్చారు గానీ, ల్యాంపు మాత్రం దొరకలేదు.

అప్పటినుంచీ ఆ రూముకు చెడ్డపేరు.

ఈమధ్య ఆ మూలుగు మళ్లీ మొదలైంది. రెండో షిఫ్టు ముగించుకుని బండి మీద పోతున్న ఒకతను విన్నాడు. బండి అక్కడే వదిలేసి ఇంటిదాకా పరుగెత్తి, మర్నాడు పగటిపూట నలుగురిని వెంటబెట్టుకొచ్చి తీసుకుపోయాడు. పాలు పోసే అతను విన్నాడు. దారిలో నీళ్లు కలపడానికి ఆగలేదేమో, ఆ రోజు ఖనిలో పాలు చిక్కగా ఉన్నాయని చెప్పుకుంటారు.

"అమ్మా... ఓ అమ్మా... నా నడుమే..."

ముందు ఒక ఆడగొంతు. నడిరేయి దాకా అదే. తర్వాత ఒక మగగొంతు. తెల్లారగట్ల ఇంకో మగగొంతు, కాస్త బొంగురుది. ఒక్క దెయ్యానికి ఇన్ని గొంతులేమిటని ఎవరికీ అనుమానం రాలేదు. భయపడేవాళ్లు అంత లోతుకు పోరు కదా.

సదయ్యకు మాత్రం సంగతి తెలుసు. ఎందుకంటే ఆ దెయ్యానికి డ్యూటీలు వేసింది అతనే.

సదయ్య కూడా బాయిలో పంపు నడిపి రిటైరైన మనిషే. మోకాళ్లు పోయాయి గానీ నోరు పోలేదు. నెమ్మది నిలయం వృద్ధాశ్రమంలో అతని పక్క మంచం మక్సూద్ భాయ్‌ది. ఖని చౌరస్తాలో ఊరి స్కూటర్లన్నీ బాగుచేసిన చేతులు మక్సూద్ భాయ్‌వి. ఇప్పుడు చాయ్ గ్లాసు పట్టుకుంటే సగం చాయ్ లుంగీ తాగుతుంది, అంత వణుకు. ఆడవాళ్ల గదిలో సమ్మవ్వ ఉంటుంది. సమ్మవ్వ పక్క మంచం మీద ఐలవ్వ.

కథంతా ఐలవ్వ కోసమే.

బాయి గేటు దగ్గర ఐలవ్వకు చాయ్ హోటల్ ఉండేది. ఇంకా చీకటి ఉండగానే పొయ్యి వెలిగించేది. ఆమె చాయ్ తాగకుండా మొదటి షిఫ్టు దిగిన మనిషి లేడు. "ఉత్త కడుపుతోని దిగుతున్నవా, కింద నీకెవలు బువ్వ పెడ్తర్రా" అని తిట్టి మరీ చేతిలో బన్ను పెట్టేది. ఆ తిట్లూ ఆ బన్నులూ తిన్నవాళ్లలో సదయ్య ఒకడు. అలాంటి నోరు పక్షవాతంతో పడిపోయింది. ఒక చెయ్యీ ఒక కాలూ పడిపోయాయి. ఆ పైన మంచం మీంచి జారిపడి తుంటి ఎముక విరిగింది. గుండె బలహీనంగా ఉంది, ఆపరేషన్ కుదరదని పెద్ద దవాఖానలో చెప్పారు. కొన్నాళ్లకు సరిపడా నొప్పి గోలీలిచ్చి, తగ్గకపోతే మీ డాక్టరుకు చెప్పండని పంపేశారు.

గోలీలు అయిపోయాయి. నొప్పి అయిపోలేదు.

పక్కబట్ట మార్చడానికి ఆయా ఐలవ్వను అటు తిప్పితే, ఐలవ్వ మంచి చెయ్యి సమ్మవ్వ వేళ్లను దొరకబుచ్చుకుని నలిపేసేది. సమ్మవ్వ వేళ్లు కమిలిపోయాయి. ఐలవ్వ నోట్లోంచి చప్పుడు రాదు. కంట్లోంచి మాత్రం నీళ్లు కారి చెవిలోకి పోతాయి.

ఈ నిలయానికి మేనేజరు అనంతరామ్ సారు. మంథని మనిషి, హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. ఆయన్ను చెడ్డవాడంటే కళ్లు పోతాయి. అన్నం వేళకు పెట్టిస్తారు, చారులో ఉప్పు తానే చూస్తారు, దుప్పట్లు ఎండలో వేయిస్తారు. ఆయనకున్న పిచ్చల్లా ఓర్పు. సాయంత్రం అందర్నీ వరండాలో కూర్చోబెట్టి ఓర్పు మీద పాఠం చెప్తారు. మోకాలు నొస్తుందన్నవాళ్లకు ఓర్పు, నడుం పట్టేసినవాళ్లకు ఓర్పు. వాళ్ల నాయన గుడిలో పూజ చేస్తుంటే కాలిలో ముల్లు దిగినా ఒక్క మంత్రం తప్పలేదట. ఆ ముల్లు కథ వినీ వినీ, అది నిలయంలో అందరి కాళ్లలోనూ దిగింది.

గోలీల బీరువా తాళం ఆయన మొలలో ఉంటుంది. ఎవరికి నొప్పైనా నోరు తెరిచి అడగాలి, అడగనివాళ్లకు ఇవ్వకూడదు. అదీ ఆయన రూలు. అడిగినవాళ్లకు ముందు ఓర్పు పాఠం, తర్వాత జ్వరానికి వేసుకునే తెల్ల గోలీ. గట్టి మందులుంటే జనం అలవాటు పడిపోతారని, నెలకోసారి వచ్చే డాక్టరమ్మకు "మా దగ్గర నొప్పులున్నోళ్లు ఎవరు లేరు" అని ఆయనే చెప్పి పంపేవారు.

సదయ్య పోయి అడిగాడు.

"సారూ, ఐలవ్వ నొప్పికి ఆగుతలేదు. డాక్టరమ్మకు ఫోన్ చెయ్యుండ్రి."

"ఆమె అడిగిందా?"

"ఆమెకు మాటెక్కడిది సారూ."

"మాట లేకపోతే మూలుగుడన్న ఉంటది గద. నొప్పి ఉన్న మనిషి ఊకోడు సదయ్యా. ఐలవ్వను చూడుండ్రి, ఎంత నెమ్మదిగ పండుకుంటది. మీరందరు ఆమెను చూసి నేర్చుకోవాలె."

"సమ్మవ్వ చెయ్యి చూసిండ్రా? పిసికి పిసికి కమిలిపోయింది."

"అది ప్రేమ," అన్నారు సారు, కళ్లజోడు తుడుచుకుంటూ.

సదయ్యకు ఒళ్లు మండింది. ఆ మంటలోనే ఒక ఆలోచన కూడా పుట్టింది. మూలుగు వినపడితేనే నొప్పి ఉన్నట్టైతే, మూలుగుదాం. ఐలవ్వకు గొంతు లేదు, మనకుంది కదా.

మొదటి రాత్రి ఐలవ్వ మంచం వెనక నక్కి తానే మూలిగాడు. సారు వచ్చారు, లైటు వేశారు, మంచం వెనక్కు తొంగి చూశారు. "ఐలవ్వకు ఈ మగగొంతు ఎప్పుడొచ్చింది?" అన్నారు. "ఇంకొక్కసారి ఈ నాటకాలాడితే రిజిస్టర్ల నీ పేరు కొట్టేస్త, సదయ్యా." ఆ మోకాళ్లతో సదయ్య లేవలేకపోతే, చెయ్యిచ్చి లేపిందీ ఆయనే. చెప్పాను కదా, చెడ్డవాడు కాడు.

అప్పుడు గుర్తొచ్చింది ల్యాంపు రూము. సారు పడకగది కిటికీ తెరిస్తే ఎదురుగా అదే. అక్కడ ఎవరు మూలిగినా ఓదెలు లెక్కలోకే పోతుంది. ఎవరి పేరూ కొట్టేయలేరు.

"తెల్లార్లు ఒక్కలం మూల్గలేం అన్నా. దమ్ము సాలదు," అన్నాడు మక్సూద్ భాయ్.

"అందుకే షిఫ్టులు. ముందు సమ్మవ్వ, తర్వాత నువ్వు, తెల్లారగట్ల నేను. రిలీవర్ వచ్చేదాక ఎవ్వలు కదలద్దు. బాయి రూలే."

"నాకు నాటకాలు రావు తమ్మీ," అంది సమ్మవ్వ.

"నీకెందుకక్కా నాటకం. నీ మోకాలుండంగ."

నిజమే. సమ్మవ్వ మోకాలు చాచి కూర్చుంటే చాలు, దానంతటదే వచ్చేది మూలుగు. మక్సూద్ భాయ్‌తోనే కొంచెం తంటా. మధ్యమధ్యలో "యా అల్లా" అనేవాడు. ఓదెలు దెయ్యం యా అల్లా అంటే ఎట్లా భాయ్ అని సదయ్య కోప్పడితే, "నొప్పిల ఎవర్కి ఎవరు యాదికొస్తరో ఎవర్కి తెలుసు" అన్నాడు.

పొద్దున చాయ్ దగ్గర సమ్మవ్వ, సారు వినేలా, గోడకు చెప్పినట్టు చెప్పేది. "ఓదెలు ఊకె మూల్గడట. దగ్గర్ల ఎవలన్న నొప్పికి తల్లడిల్లుతుంటెనే లేస్తడట. ఆ నొప్పి సల్లారితె గని పండడట."

"పాత పైపుల్ల గాలి అది," అనేవారు సారు. అనేవారే గానీ, కళ్ల కింద నల్లటి చారలు వచ్చాయి. కిటికీ మూసుకున్నారు. చెవుల్లో దూది పెట్టుకున్నారు. డాక్టరమ్మకు ఫోన్ మాత్రం చెయ్యలేదు.

అలా కొన్ని రాత్రులు పోయాయి. ఒక సాయంత్రం పక్కబట్ట మారుస్తుంటే ఐలవ్వ పెదవి కొరుక్కుంది. నెత్తురు వచ్చింది. సమ్మవ్వ కొంగుతో తుడిచి, బయటికొచ్చి స్తంభం చాటున నిలబడి ఏడ్చింది.

అదే సాయంత్రం అనంతరామ్ సారు ఓర్పు పాఠం చెప్పలేదు. అన్నం కూడా తినలేదు. చెంపకు చెయ్యి ఆనించి, ఎవరితోనూ మాట్లాడకుండా, వరండాలో ఆ చివరి నుంచి ఈ చివరికి తిరిగారు.

"దారికొస్తున్నడు," అన్నాడు సదయ్య. "ఇయ్యాల్టి రాత్రి గట్టిగ మూల్గాలె. రేప్పొద్దుగాల ఫోన్ చేస్తడు."

ఆ రాత్రి కరెంటు పోయింది. దూరంగా రామగుండం పొగగొట్టాల మీద ఎర్రదీపాలు వెలుగుతూనే ఉన్నాయి. ఊళ్లకు ఊళ్లకు కరెంటు పంపే చోట, మనకు మాత్రం చీకటి... సదయ్య గొణుక్కుంటూ దుప్పటి భుజాన వేసుకుని డ్యూటీకి బయల్దేరాడు.

పెరడు దాటుతుంటే మూలుగు వినపడింది.

"ఊఁ... ఊఁఊఁ... హ్మ్..."

సదయ్య ఆగాడు.

రోజూ వినే మూలుగు కాదు అది. మక్సూద్ భాయ్ గొంతులోంచి మూలుగుతాడు. ఇది గొంతులోంచి రావడం లేదు... ఎక్కడో లోపల్నించి, పళ్ల మధ్య నలిగి, బయటికి రావడానికి దారి లేక వస్తోంది.

సదయ్య ఒక అడుగు వెనక్కేశాడు. తనే పుట్టించిన దెయ్యానికి తనే భయపడుతున్నందుకు సిగ్గు కూడా వేసింది. మక్సూద్ భాయ్‌కి ఇన్నాళ్లకు పని పట్టుబడిందని సర్దిచెప్పుకున్నాడు. తలుపు మెల్లగా తోశాడు.

లోపల కన్ను పొడుచుకున్నా కనపడదు. తడిమట్టి వాసన. దాంతో పాటు... లవంగం వాసన.

కళ్లు చీకటికి కాస్త అలవాటు పడ్డాక, మూలన ఒక ఆకారం. మోకాళ్లు ముడుచుకుని, తలకు ఏదో చుట్టుకుని, ముందుకూ వెనక్కూ ఊగుతోంది.

"నేను భాయ్, సదయ్యను," అని గుసగుసలాడి, పక్కనే చతికిలబడ్డాడు. "ఇయ్యాల దుమ్ము లేపుతున్నవు. నాకే గుండె జల్లుమన్నది. పాన్ ఏస్కున్నవా ఏంది, లవంగం వాసన?"

ఆకారం ఊగడం ఆపింది.

"సారుకు ఇయ్యాల నిద్ర పడుతదంటవా? పట్టదు. ముసలిదానికి నెత్తురొచ్చేటట్టు పెదవి కొరుక్కునే నొప్పి ఉంటె, అది ప్రేమనట..." సదయ్య దుప్పటి మోకాళ్ల మీదికి లాక్కున్నాడు. "సూడు భాయ్, ఆయన మీద నాకు పగ లేదు. మంచోడే. గని నాదొకటే కోరిక. ఒక్క పూట, ఒక్కటంటె ఒక్క పూట, ఆయనకొక నొప్పి రావాలె. పెద్దది వద్దు, పాపం. ఏ పంటిదో చెవిదో వచ్చినా చాలు."

"హ్మ్మ్మ్..." అంది పక్కన.

"అబ్బ. గది మూలుగంటె. ఎట్ల తీస్తున్నవో నాకు గూడ నేర్పియ్యి." సదయ్య దాని భుజం తట్టాడు. "సరే, లే. నీ డ్యూటీ అయిపోయింది. నేనొచ్చిన."

ఆకారం లేవలేదు. దానికి బదులు ఒక చెయ్యి వచ్చి సదయ్య వేళ్లను పట్టుకుంది... గట్టిగా... వేళ్లు నలిగిపోయేంత గట్టిగా.

వేడి చెయ్యి. కొంచెం కూడా వణకని చెయ్యి.

మక్సూద్ భాయ్ చెయ్యి వణుకుతుంది కదా — అనుకున్నాడు సదయ్య.

సరిగ్గా అప్పుడే వెనకనుంచి, తలుపు దగ్గర, ఎవరో దగ్గారు.

"సదయ్య అన్నా... వచ్చినవా? మాఫ్ చెయ్యి. జర బాత్రూం పోయిన. గీ ఉమర్ల ఆగుతదా. రిలీవర్ వచ్చేదాక ఆగాలె గని..."

మక్సూద్ భాయ్ గొంతు.

సదయ్య తల తిప్పలేదు. తిప్పలేకపోయాడు. మక్సూద్ భాయ్ అక్కడుంటే... తన చెయ్యి పట్టుకున్నది...

"భాయ్," అన్నాడు ఎలాగో. "లైటెయ్యి."

మక్సూద్ భాయ్ వణికే చేతుల్లో సెల్‌ఫోన్ లైటు వెలిగింది. వెలుగు గోడ మీద ఊగింది, తుప్పు పట్టిన కొక్కేల మీద ఊగింది, కిందికి దిగింది.

ముందు అరిచింది మక్సూద్ భాయ్. తర్వాత సదయ్య. ఆ మూడో శాల్తీ మాత్రం అరవలేదు. దానికి నోరు తెరుచుకోవడం లేదు.

తలకు తువ్వాలు. తువ్వాలులో జామకాయంత ఉబ్బిన చెంప. చెంప మీద కళ్లజోడు లేని రెండు ఎర్రటి కళ్లు, వాటి నిండా నీళ్లు.

అనంతరామ్ సారు.

మక్సూద్ భాయ్ కళ్లు మూసుకుని ఏదో దువా చదివేసుకున్నాడు, మంచిదని.

చిట్టచివరి దంతం చీము పట్టి దవడ బిగుసుకుపోయింది సారుకు. తెల్ల గోలీలు ఉన్నన్ని మింగినా లాభం లేకపోయింది. గట్టి గోలీ కోసం బీరువా అంతా వెతికారు; గట్టి గోలీ ఒక్కటీ ఉండకూడదని చూసింది తనే అయ్యె. గదిలో మూలిగితే రేపు ఓర్పు పాఠం ఏ ముఖంతో చెప్తారు? అందుకని, ఎవరు మూలిగినా ఓదెలు ఖాతాలో పడే చోటు చూసుకుని వచ్చి కూర్చున్నారు. ఆయనకు దెయ్యాల మీద నమ్మకం లేదు, అదొక్కటే సుఖం.

సదయ్యకు ముందు భయం వేసింది. ఇప్పటిదాకా చెప్పిందంతా ఈయనకే చెప్పాడు. పేరు కొట్టేస్తాడు, ఖాయం. తర్వాత నవ్వు వచ్చింది. ఆ కళ్లలో నీళ్లు చూశాక నవ్వు ఆగిపోయి జాలి వేసింది. ఆ మూడూ ఒకదాని మీద ఒకటి పడి, చివరికి నోట్లోంచి ఈ మాట వచ్చింది.

"నొప్పా, సారూ?"

సారు తలూపారు.

"నోరు తెరిచి అడగాలె గద సారూ."

సారు నోరు తెరవబోయారు. దవడ కదల్లేదు. కన్నీళ్లు జారి తువ్వాలులోకి పోయాయి. సదయ్య వేళ్లు ఇంకా ఆయన చేతిలోనే ఉన్నాయి, నలుగుతూ. సారు ఆ చేతిని చూసుకున్నారు. అలాగే చూస్తూ ఉండిపోయారు. సమ్మవ్వ వేళ్లు గుర్తొచ్చాయని తర్వాత ఆయనే చెప్పారు.

మెల్లగా చెయ్యి వదిలి, జేబులోంచి ఫోన్ తీసి, నంబరు నొక్కి సదయ్యకు ఇచ్చారు.

"హలో, అనంతరామ్ గారూ, ఏమైంది?" జ్యోతినగర్ నుంచి డాక్టరమ్మ మహెజబీన్ గొంతు, నిద్రలోంచి.

"నేనమ్మా, సదయ్యను. ఇక్కడ ఒక మనిషికి సచ్చేంత నొప్పి. నోరు లేదు, చెప్పుకోలేరు. మీరే జల్ది రావాలె."

"ఎవరికి?"

సదయ్య సారు వైపు చూశాడు. సారు ఆశగా చూస్తున్నారు.

"ఐలవ్వకమ్మా," అన్నాడు సదయ్య. "తుంటి బొక్క ఇరిగి పడున్నది. మందు లేదు."

"నాకెవ్వరు చెప్పలేదే... ఇప్పుడే వస్తున్న. ఇంకెవరికన్న ఉన్నదా?"

"ఇంకొకలున్నరు. గని ఆయన ఓర్చుకుంటరు."

"ఊఁఊఁఊఁ..." అన్నారు సారు.

"అదేంది, ఎవరో మూలుగుతున్నరు?"

"అది మా దెయ్యమమ్మా. రోజు ఉండేదే."

డాక్టరమ్మ తెల్లారకముందే కారేసుకుని వచ్చింది. నేరుగా ఐలవ్వ దగ్గరికి పోయింది. సారు తువ్వాలుతో గుమ్మం బయట, వరసలో తన వంతు కోసం నిలబడ్డారు. ఆయా ఐలవ్వను తిప్పుతుంటే డాక్టరమ్మ ఐలవ్వ మొహాన్నే చూసింది — ముడిపడ్డ నొసలును, బిగిసిన పెదవిని, సమ్మవ్వ వేళ్ల మీది పట్టును.

"మాట లేనోళ్లకు మొహమే నోరు," అంది గుమ్మం వైపు తిరిగి. "చెప్పుకునేటోళ్లను మాత్రం మీరే పోయి అడగాలె. ఎక్కడ నొస్తున్నది, ఎప్పటి నుంచి, ఎంత. ఈమెకు అడిగినప్పుడు మందిచ్చుడు కాదు. గడియారం చూసి, పూటపూటకు ఇయ్యాలె. నొప్పి లేవకముందే."

సూది వేసింది. కాసేపటికి ఐలవ్వ వేళ్లు ఒకటొకటిగా వదులయ్యాయి. నొసలు విప్పుకుంది. ఎంత గాఢంగా నిద్రపోయిందంటే, సమ్మవ్వకు అనుమానమొచ్చి పదేపదే ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిలో బాంబులు పేలి కిటికీలు గడగడలాడినా ఐలవ్వ లేవలేదు. సదయ్య గుమ్మంలో కూర్చుని ఆ నిద్రను తనివితీరా చూశాడు. చాయ్ హోటల్ ఐలవ్వ అలా పగటిపూట పడుకోవడం అతను పుట్టి బుద్ధెరిగి చూడలేదు.

సారు దంతం కూడా ఆ రోజే పోయింది. ఎవరి పేరూ కొట్టేయలేదు. మర్నాడు నోట్లో దూదితో, చేతిలో మందుల డబ్బాతో, మంచం మంచం దగ్గరా ఆగి అడిగారు — ఎక్కడ, ఎప్పటి నుంచి, ఎంత. సమ్మవ్వ తన పెళ్లినాటి కాలునొప్పి దగ్గర మొదలుపెట్టింది. ఆమె మోకాలిదాకా వచ్చేసరికి అన్నాల వేళైంది.

దెయ్యం డ్యూటీ ఎత్తేశారు. పాలు మళ్లీ పల్చబడ్డాయి.

కథ ఇక్కడికి అయిపోవాలి. మక్సూద్ భాయ్ కూడా చాలామందికి ఇక్కడిదాకే చెప్తాడు.

కొన్నాళ్ల తర్వాత ఒక రాత్రి. సారు ఐలవ్వకు మందు వేసే వేళ దాకా మేలుకుని ఉన్నారు. ఆయనకు తోడుగా వరండాలో సదయ్య, మక్సూద్ భాయ్, సమ్మవ్వ. ఐలవ్వ లోపల నిద్రపోతోంది. గాలి లేదు.

ల్యాంపు రూములోంచి మూలుగు వినపడింది.

"అమ్మా..."

సదయ్య మక్సూద్ భాయ్‌ని చూశాడు. మక్సూద్ భాయ్ సమ్మవ్వను చూశాడు. సమ్మవ్వ సారును చూసింది. అందరూ ఇక్కడే ఉన్నారు.

"పైపుల్ల..." అని మొదలుపెట్టి సారు ఆగిపోయారు.

మళ్లీ వచ్చింది. తగ్గు గొంతుతో, అలసిపోయి... ఎవరూ వినరని తెలిసిన మూలుగు.

సారు లేచారు. మందుల డబ్బా తీసుకున్నారు. మెట్లు దిగి, పెరడు దాటి, ల్యాంపు రూము తలుపు బయట నిలబడ్డారు.

"ఎవరైతే ఏంది," అన్నారు లోపలికి. "ఎక్కడ నొస్తున్నది?"

మూలుగు ఆగింది.

తర్వాత, మెల్లగా...

"నడుం."

సారు తలుపుకు ఇంకాస్త దగ్గరగా జరిగారు. "ఎప్పటి నుంచి?"

"మొదటి షిఫ్టు సంది, సారూ... రిలీవర్ రాలే."

మక్సూద్ భాయ్ సదయ్య చొక్కా పట్టుకున్నాడు. సదయ్య ఆ వేళ్లు మెల్లగా విడిపించుకున్నాడు. దుప్పటి భుజాన వేసుకున్నాడు. ఆ మోకాళ్లతో ఒక్కొక్క మెట్టూ దిగి, సారును దాటి, చీకట్లోకి పోయాడు. లోపల్నించి అతని మాట ఒక్కటే వినపడింది.

"లే, ఓదెలన్నా. నీ డ్యూటీ అయిపోయింది. నేనొచ్చిన."

తెల్లారేసరికి సదయ్య ల్యాంపు రూములో గోడకు ఆనుకుని హాయిగా గుర్రుపెడుతున్నాడు. సారు పోయి లేపారు. లేపుతూ గోడ వైపు చూశారు.

ఓదెలు కొక్కేనికి ల్యాంపు వేలాడుతోంది. దాని మీద బొగ్గు తడి ఇంకా ఆరలేదు.